మైనస్ డెబ్బై

బయట మైనస్ పంతొమ్మిది.
తార్తూలో తల్లి ఏరని పేరున్న నది
ఒడ్డు నుంచి ఒడ్డుకి గడ్డకట్టుకుపోతే
దాని మీద ఎవరో కుక్కని పరిగెత్తిస్తున్నారు.
లోపల, మూడో అంతస్తు నడవాలో
పదకొండు ఫ్రీజర్లు
చలిని తయారుచెయ్యడానికి చెమటలు కక్కుతున్నాయి.
వాటి ఉక్కకి తాళలేక
మేం జనవరిలో కిటికీ తెరుస్తాం.

ఎవరి కుంపటి వారిదే మా డిపార్టుమెంటులో.
కాకపోతే మా కుంపట్లలో రాజేసేది చలి.
ఒక్కోటీ ఒక సంసారానికి సరిపడా కరెంటు మింగుతుందని
లెక్క కట్టి చెప్పింది ఉర్వే,
ముప్పై ఒక్కేళ్ళుగా మా గాజుసామానూ
అప్పుడప్పుడూ మా తప్పులూ కడిగిపెట్టే ఉర్వే.
మీటింగు చివర, అందరూ కోట్లు తొడుక్కుంటుంటే
"ఎనభై ఎందుకు, డెబ్బై చాలదా?" అంది.

పది డిగ్రీలు.
అంతే అడిగింది.
ప్రొఫెసర్ పిహ్లక్ కళ్ళద్దాలు తీసి
పెళ్ళిపీటల దగ్గర చావు కబురు విన్నట్టు చూశాడు.
"నాలుగో నంబరులో నా జీవితం ఉంది."
"సరే, ఓసారి తెరిచి చూద్దాం"
అంది ఉర్వే, చేతిసంచీ సర్దుకుంటూ.

తెరిచాం.
అరల చుట్టూ మంచు
వెల్ల మీద వెల్ల వేసిన గోడలా పేరుకుపోయి ఉంది.
పిరెత్ ఇంటి నుంచి చెక్కగరిటె తెచ్చి గీకింది.
ఒక డబ్బా మీద "జాగ్రత్త" అని ఉంది,
దేనికి జాగ్రత్తో లేదు.
ఇంకోదాని మీద "మార్ట్‌ని అడగండి".
మార్ట్ ఎవరో మాలో ఎవరికీ తెలీదు.
అట్టడుగున, రేకు చుట్టి, అడవి పళ్ళు అరకిలో.
ఒప్పుకున్నవాళ్ళు లేరు.

తర్వాత వచ్చాయి తొంభై నాలుగు నాటి గొట్టాలు,
రెండువందల పన్నెండు.
సిరా అలుక్కుపోయి, అంకెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి.
"ఈ కోడిగీతలు రాసిన గాడిద ఎవడు?"
అని గట్టిగానే అడిగాడు పిహ్లక్.
మేమెవరం మాట్లాడలేదు.
దళసరి గ్లోవు వేలితో ఒక గొట్టం మీది మంచు తుడిచి
దీపానికి ఎదురుగా పెట్టి
చాలాసేపు చూశాడు.
ఆ ఏడు అంకెకి అడ్డగీత ఆయనది.
ఇరవై ఆరేళ్ళ కుర్రాణ్ణి గుర్తుపట్టాడు గానీ
ఆ కుర్రాడు ఏం దాచాడో గుర్తుకు రాలేదు.

"పారెయ్" అనలేదు.
"ఉంచు" అనీ అనలేదు.
ట్రే ఉర్వే చేతికిచ్చి
టీ కాచుకోడానికి వెళ్ళాడు.

అబద్ధం ఎందుకు, అంతా మారిపోలేదు.
పొగగూడు అద్దం కిందికి దించమని అంటించిన కాగితం
వారానికే ఊడిపోయింది.
పిపెట్ కొనలు ఇప్పటికీ సంచులకొద్దీ పారేస్తున్నాం,
నేను మరీ ఎక్కువ.
లిస్బన్ సదస్సుకి ముగ్గురం విమానంలోనే వెళ్ళాం,
పిరెత్ రైళ్ళు మారి మారి రెండో రోజుకి చేరి
మొదటి ఉపన్యాసంలోనే నిద్రపోయింది.
ఆ ఉపన్యాసం నాదే.

కానీ ఎనిమిది ఫ్రీజర్ల మీద ఎర్ర అంకె డెబ్బై దగ్గర నిలిచింది.
మూడింటికి ప్లగ్గు పీకేశాం.
నాలుగో నంబరు గొంతు ఆగిన క్షణాన
నడవా చివర గోడగడియారం ఒకటుందనీ
అది టిక్కుటిక్కుమంటుందనీ
నాకు మొదటిసారి తెలిసింది.

ఆ రాత్రి ఆలస్యంగా ఇంటికి బయల్దేరాను.
చీకట్లో నాలుగో నంబరు తలుపు బార్లా తెరిచి ఉంది.
గుండె జారి కాళ్ళలోకొచ్చింది.
పరిగెత్తి, భుజంతో తోసి, గడి బిగించి,
ఎవరికి ఫోన్ చెయ్యాలా అని జేబు తడుముకుంటుంటే
బూటు కింద చిత్తడిగా తగిలింది పాత దుప్పటి,
పక్కకి ఎగిరిపడి పిరెత్ చెక్కగరిటె.

తలుపు మళ్ళీ తెరిచాను.
గరిటె అడ్డం పెట్టాను.
చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది,
దానికింకా ఎవరూ చెప్పలేదు.